ఆ మూలన పడ్డ వాన

కంపెనీ పత్తి వచ్చిన కొన్నేళ్లకే మట్టిలో ఉండి తొలకరికి వాసన తెచ్చే, కంటికి కనపడని జీవాలన్నీ చచ్చిపోయాయి. నిరుటి పత్తికట్టె కూడా చేలో కుళ్లకుండా అలాగే పడి ఉంది. తొలకరి చినుకులు పడుతుంటే రాజలింగం ముక్కు ఎగబీల్చాడు. ఏ వాసనా తగల్లేదు. తన ముక్కే పాడైందేమో అనుకున్నాడు.

"మట్టి వాసనొస్తున్నదా, సాయిలూ?" అని ట్రాక్టరాయన్ని అడిగాడు.

"మట్టికి వాసనేంది మామా? మూలకున్న అత్త సమాధి గూడ కలిపి దున్నెయ్యనా? రెండు సాళ్లు పెరుగుతయి."

రాజలింగం అటు నడిచాడు. భార్యను అక్కడ పెట్టింది కంపెనీ విత్తనం రాకముందే. ఆ జానెడు జాగాలో ఏనాడూ ఏమీ విత్తలేదు. దగ్గరికి పోగానే కమ్మటి వాసన గుప్పుమంది. తడుస్తూనే ఆమె పక్కన కూర్చుండిపోయాడు.

"దున్నకు బిడ్డా. ఊర్ల వాన ఈ ఒక్కకాడనే పడుతున్నది."