పద్నాలుగు కిలోమీటర్ల అవతల తాళంచెవి

"తాళంచెవి ఇవ్వు వదినా, కాళ్లు లాగేస్తున్నాయి," అంది దర్జీ ఆవిడ, తన వ్యాను తలుపుకు ఆనుకుని.

డ్రైవరమ్మ సంచి ముందు అర వెతికింది. వెనక అర వెతికింది. తర్వాత రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వ్యాను వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఎక్కడ పెట్టావు?"

"బోర్డుకి తగిలించాను."

"ఏ బోర్డు?"

"నా వ్యానులో బోర్డు."

డ్రైవరమ్మ వ్యాను, పొద్దున నడక మొదలుపెట్టిన చోట ఉంది. పద్నాలుగు కిలోమీటర్ల వెనక.

వచ్చే నెలలో ఏటి వెంబడి కొండ నుంచి సముద్రం దాకా ఇరవై రోజులు నడవాలని ఇద్దరి ఆశ. చెరో పాత వ్యాను ఉంది, లోపల ఒక పడక, ఒక స్టవ్వు. రోజూ ఒక వ్యానును నడక ముగిసే చోట ముందుగా వదిలేయాలి. రెండోదాంట్లో మొదలయ్యే చోటికి వచ్చి నడవాలి. అక్కడికి చేరాక ఆ వ్యానులో వెళ్లి వెనకదాన్ని తెచ్చుకోవాలి. కాగితం మీద ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇవాళ ట్రయల్.

"బస్సు డిపోలో ముప్పై ఏళ్ల అలవాటు," అంది డ్రైవరమ్మ. "బండి దిగితే తాళంచెవి బోర్డుకి తగిలించాల్సిందే. పొద్దున నీ బండి ఇక్కడ దింపాం కదా, దీని చెవి తీసుకెళ్లి అక్కడ తగిలించేశాను."

"భద్రంగానే ఉందన్నమాట."

"చాలా భద్రంగా ఉంది."

దర్జీ ఆవిడ కిటికీ అద్దంలోంచి లోపలికి చూసింది. పడక మీద పొడి మేజోళ్లు, ఫ్లాస్కు, మూత పెట్టిన అన్నం డబ్బా వరసగా కనిపించాయి.

"అన్నయ్యకి ఒక ఫోను కొడదామా?" అంది డ్రైవరమ్మ మెల్లగా.

"కొట్టు. కొట్టేసి ఇంటికెళ్లి కూర్చుందాం."

డ్రైవరమ్మ ఫోను మళ్లీ సంచిలో పెట్టేసింది. అన్నయ్యంటే దర్జీ ఆవిడ మొగుడు, గడియారాల మెకానిక్కు. 'నువ్వు దారిలో ఎక్కడో కూలబడితే నేనెక్కడని వెతకను?' అని నెల రోజులు సణిగి, చివరికి ఒక షరతు మీద దిగొచ్చాడు. ట్రయల్ రోజున తన సాయం అడక్కుండా తిరిగొస్తే వెళ్లొచ్చు. అడిగారో, ఇరవై రోజుల మాట మళ్లీ ఎత్తకూడదు. దర్జీ ఆవిడ సరేనని చేతిలో చెయ్యేసింది.

"పోనీ ఇంకెవరినైనా పిలిస్తే?"

"ఎవర్ని పిలిచినా రేపటికి ఆయన చెవిన పడుతుంది. మన వీధి సంగతి నీకు తెలీదా?" అంటూ దర్జీ ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "పద."

"ఎక్కడికి?"

"నీ బోర్డు దగ్గరికి."

ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి తిరిగారు. సంచుల్లో అర సీసా నీళ్లు, ఆరు బిస్కెట్లు. చెరి మూడు పంచుకున్నారు. కిలోమీటరు దాటాక డ్రైవరమ్మ కుంటడం మొదలుపెట్టింది.

"మడమ బొబ్బలెక్కింది. నువ్వు నడువు వదినా, నేను నిదానంగా వస్తాను."

"ఊరంతటినీ ఎక్కించుకుని తిప్పావు గానీ ఒక్కనాడు నీ కాళ్లకి పని చెప్పావా? కూర్చో."

దర్జీ ఆవిడ తన సంచి లోపలి గుడ్డ విప్పింది. సూదీ దారం ఆమె దగ్గర లేనిదెప్పుడు? నాలుగు మడతలేసి, చుట్టూ కుట్టేసి, బూటులో మడమ తగిలే చోట మెత్తగా అమర్చింది. పది నిమిషాల పని.

"కొలతలు తీసుకోకుండానే కుట్టేశావే."

"నీ మడమ ఇప్పుడు అందరికీ కనబడేంత ఉంది."

డ్రైవరమ్మ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత నడక తేలికయింది. పొద్దున వీపు వైపు ఉన్న కొండ ఇప్పుడు ఎదురుగా ఉంది. వచ్చేటప్పుడు కనిపించని చెక్క వంతెన కింద బాతులు పిల్లల్ని వెంటేసుకుని ఈదుతున్నాయి. ఇద్దరూ ఆగి, ఎన్ని పిల్లలో లెక్క కుదరక రెండుసార్లు లెక్కపెట్టారు. చివరి మూడు కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ నడిచారు. ఒకరు ఆగితే రెండోవారు ఆగారు, ఒకరు కదిలితే రెండోవారు కదిలారు.

సాయంత్రం నాలుగింటికి ఊరి చివర డ్రైవరమ్మ వ్యాను కనిపించింది. ఇంటికి పది నిమిషాల దూరం. అయినా ఇంటి మొహం చూడకుండా, డ్రైవరమ్మ సంచిలోని తన బండి చెవితో తలుపు తీసి, బోర్డు మీది తాళంచెవి తీసుకుని, అదే వ్యానులో వెళ్లి రెండోదాన్ని తెచ్చుకున్నారు. పొద్దు వాలకముందే రెండు బళ్లూ వీధిలో వెనకా ముందూ ఆగాయి.

"అన్నయ్యతో ఏం చెప్తావు?"

"అడిగినంతవరకే చెప్తాను."

దర్జీ ఆవిడ వీలైనంత నిటారుగా ఇంట్లోకి నడిచింది. వంటింట్లో గడియారాల మెకానిక్కు బల్లపీట మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, రెండు కాళ్లూ వేడినీళ్ల బకెట్‌లో పెట్టుకున్నాడు.

"ఫోను రాలేదే?" అన్నాడు.

"అవసరం పడలేదు."

"నడిచారా?"

"నడిచాం. అనుకున్న పద్నాలుగు కిలోమీటర్లూ నడిచాం."

"మంచిది. వెళ్లి రండి. మాటంటే మాటే." చెంబుతో ఇంకాసిని వేడినీళ్లు పాదాల మీద పోసుకుని, కళ్లు మూసుకుని అన్నాడు: "ఆ తాళంచెవి మాత్రం నీ కొంగుకే కట్టుకో. ఇంకో పద్నాలుగు వెనక్కి నడిపించారంటే ఈసారి మీ వెనకాల రావడం నావల్ల కాదు."