గడప అవతలి బూట్లు

మూడోసారీ కరెంటు పోయింది. దుప్పట్లు ఇంకా నురగలో ఉండగానే మెషీన్ ఆగిపోయింది.

“నాలుగేళ్లుగా లేని గోల, పొద్దున్న నువ్వు పెట్టిన స్విచ్చుతో వచ్చింది. పీకెయ్,” అన్నాడు లాండ్రీ యజమాని ఎలక్ట్రీషియన్‌తో, తలుపు దగ్గర నిలబడి.

ఉతికే పని చూసే అక్క కూడా మనసులో ఆ స్విచ్చునే తిట్టుకుంటోంది. పని తెమలకపోతే చీవాట్లు తినేది తనే మరి.

ఎలక్ట్రీషియన్ మాత్రం మెషీన్ ముందున్న రబ్బరు చెప్పుల్ని చూస్తున్నాడు. “ఇవెవరివక్కా?”

“అందరివీ. వట్టికాళ్లతో మెషీన్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. తడి కదా, మామూలేనన్నారు సార్.”

“మామూలు కాదక్కా. లోపలి కరెంటు మెషీన్ రేకులోకి లీకవుతోంది. ఇన్నాళ్లూ అది మీ ఒంట్లోంచే నేలలోకి పోయింది. పొద్దున్న నేను ఎర్త్ తీగ వేశాక, అందులోంచి పోతోంది. అది కనిపెట్టే ఈ స్విచ్చు ఆపేస్తోంది.”

“నీ పురాణం చాలు, పీకు.”

అక్క చేతులు తుడుచుకుని స్విచ్చుబోర్డుకి అడ్డంగా నిలబడింది.

“పీకించండి సార్. పీకాక మాత్రం మొదటి చెయ్యి మీది. బూట్లు విప్పి మెషీన్ మీద పెట్టండి. మీకేం కాకపోతే ఆ తర్వాత మేం పెడతాం.”

యజమాని గడప అవతలే ఉండిపోయాడు. ఆయన బూట్ల మీద ఒక్క నీటిచుక్క లేదు. నాలుగేళ్లలో ఏనాడూ ఆయన ఆ గడప దాటి తడినేల మీదికి రాలేదని ఆమెకి అప్పుడు తట్టింది.

రబ్బరు చెప్పుల్ని కాలితో మూలకి నెట్టేసింది.

“రండి సార్,” అంది నింపాదిగా. “మామూలే కదా.”