సుబ్బక్క గొంతు

మునివెంకటప్ప సమాధి పక్కన చతికిలబడగానే పెట్టె అరిచింది.

అంతదాకా అది టిక్కు టిక్కుమని తాపీగా కొట్టుకుంటూ ఉండింది. ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా అరుస్తోంది. దాన్ని మెడకు తగిలించుకున్న ఆఫీసరు రామచంద్రప్ప ఉలిక్కిపడి ముల్లు వంక చూశాడు.

"ఎవరి సమాధి ఇది?"

"నా పెండ్లాముది సారూ. సుబ్బక్క. మొన్న మొన్ననే పోయింది."

కుందారపల్లి వెనక గుట్టల్లో యురేనియం జాడ ఉందేమో చూడమని గవర్నమెంటు పంపిన మనిషి రామచంద్రప్ప. రోజూ బర్గూరు మకాం నుంచి జీపులో వస్తాడు. గుట్టమీద దారులు తెలిసినవాడు కావాలంటే ఊరివాళ్లు మునివెంకటప్పను చూపించారు. బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆ రాళ్లమధ్యనే గొర్రెలు మేపినవాడు.

"దాంట్లో ఏముంది సారూ, అట్ల అరస్తా ఉంది?"

"స్ఫటికం. చూసేదానికి ఉప్పుగడ్డ మాదిరి ఉంటుంది. కొన్ని రాళ్లలోనుంచి కంటికి కనబడని కిరణాలు వస్తాయి. అవి తగిలితే స్ఫటికం లోపల మిణుక్కుమంటుంది. ఆ మిణుకులే మనకు ఇట్ల వినబడేది."

మునివెంకటప్ప తల ఊపాడు. కానీ ఆయన మనసులో పడింది వేరే మాట. కంటికి కనబడనిది ఏదో తగిలితే అరుస్తుంది. ఆ కనబడనిది ఎవరో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

సుబ్బక్క పోయిననాడు ఆయన ఊళ్లో లేడు. కబురు అందింది గానీ, ఉన్నచోటునుంచి కదలనివ్వలేదు. తిరిగొచ్చేసరికి సమాధిమీద మట్టి కూడా ఎండిపోయింది. చివరిచూపు లేదు. పిడికెడు మన్ను వేసింది లేదు.

వచ్చినప్పటినుంచీ ఆయన ఇంట్లో అడుగుపెట్టలేదు. గొర్రెలదొడ్డి పక్కన కంబళి పరుచుకున్నాడు. కోడలు నంజమ్మ గోడమీద సంగటి పెట్టి పక్కకు పోతే, వచ్చి తీసుకునేవాడు. మనవరాలు పాకుతూ తనవైపు వస్తే లేచి దూరంగా వెళ్లిపోయేవాడు. "ముసలోడికి మనుషులే గిట్టకుండా పోయినారు" అనుకున్నారు ఊళ్లో.

ఆ తర్వాత పెట్టె అరుపు సమాధి దగ్గరే ఆగలేదు. మునివెంకటప్ప ముళ్లకంపలు నరుకుతూ చాలా ముందు నడిచేవాడు. ఆఫీసరు వచ్చి కలుసుకునేదాకా ఏ బండ దగ్గరో నిలబడేవాడు. ఆ బండ దగ్గరా అరుపే. సుబ్బక్క తన వెనకే వస్తోంది. బతికినన్నాళ్లూ గొర్రెలవెంట అట్లాగే వచ్చేది.

రామచంద్రప్పకు మతిపోతోంది. నిన్న అరిచిన బండ ఈరోజు అరవదు. మునివెంకటప్ప కృష్ణగిరి సంతకు పోయిననాడు సమాధి దగ్గరకూడా పెట్టె తాపీగా టిక్కుమంది. స్ఫటికానికి తేమ తగిలి చెడిందేమోనని కొత్తది తెప్పించి వేశాడు. మరునాడు మునివెంకటప్ప ఎప్పటిలాగే వెళ్లి సమాధి పక్కన కూర్చున్నాడు. కొత్త స్ఫటికమూ అరిచింది.

"ఈడ ఏదో ఉంది. గుంత తవ్వి చూడాల. పైకి రాస్తాను" అన్నాడు ఆఫీసరు. సమాధి చుట్టూ సున్నంతో గీత గీయించాడు.

"మనిషిని పూడ్చిన చోటు సారూ."

"తెలుసప్పా. పక్కనే తవ్వుతాము. అవసరమైతేనే..."

అంటూ జీపువైపు నడిచాడు.

జీపు వెళ్లిపోయాక మునివెంకటప్ప సమాధిమీద చెయ్యి పెట్టాడు.

"సుబ్బీ, నువ్వు పిలిస్తే రాలేదని కోపం ఉంటే నాతో చెప్పుకో. ఆ పెట్టెలో అరవద్దు. నిన్ను తవ్వి బయట ఏస్తారు. ఈ ఒక్కతూరి నా మాట విను."

సుబ్బక్క విన్నది.

ఆ వారం అరుపు కాస్త తగ్గింది. పై వారం ఇంకా తగ్గింది. పిలుస్తూ పిలుస్తూ ఎవరో దూరం నడిచిపోతున్నట్టు ఉంది. మొదట ఆయనకు ప్రాణం కుదుటపడింది. తర్వాత భయం పట్టుకుంది. పెట్టె పక్కకు జరిగి, చెవి దానికి ఆనించేవాడు. అప్పుడు మాత్రం కాస్త పలికేది. ఆ కాస్తా నానాటికీ సన్నగిల్లింది.

గుంత తవ్వమని ఆర్డరు వచ్చేనాటికి పెట్టె సమాధి దగ్గర కూడా ఊరంతటా కొట్టుకున్నట్టే టిక్కు టిక్కుమంది.

"పరికరంలోనే ఏదో దోషం" అని రామచంద్రప్ప సున్నపుగీతను బూటుతో చెరిపేశాడు. చేయి ఊపి జీపెక్కాడు. మళ్లీ రాలేదు.

మునివెంకటప్ప పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు.

"నోరు ముయ్యమన్నది నేనే" అన్నాడు మట్టితో. "గుంత లేదులే, పోయినారు. ఇంక మాట్లాడు."

వినిపించడానికి ఇప్పుడు పెట్టె లేదు. కళ్లు తుడుచుకుని ఇంటిదారి పట్టాడు.

దొడ్డి దగ్గర నంజమ్మ బిడ్డను చంకనేసుకుని కాచుకుని ఉంది. ఎన్నడూ లేనిది నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"గొంతులో గడ్డ కరగను బెంగుళూరు ఆస్పత్రిలో నీకు తాపిన కిరణాల మందు ఒంట్లోనుంచి పోయేదాకా బిడ్డను దగ్గరికి తీసుకోవద్దని డాక్టరు పెట్టిన గడువు తీరిపోయింది మామా, ఇంక ఎత్తుకో" అంటూ మనవరాలిని ఆయన చేతుల్లో పెట్టింది.