ఏడు లెక్కపెట్టేలోగా

“మెడ దగ్గర గుండీ కూడా పెళ్లామే పెట్టాలట్రా? ఏం గారాబంరా నీది!” గుమ్మంలోంచి అత్తగారు ఖుమ్రీ దెప్పింది.

ముహయ్యో సిగ్గుతో నవ్వింది. పెళ్లై పదకొండు రోజులు. రోజూ పొద్దున్నే ఎర్గాష్ గుండీలన్నీ ఆమె చేతే పెట్టించుకుంటాడు. ఆమెకదే పండగ.

నిరుడు ఈ రోజుల్లో అతను తాష్కెంట్ ఆసుపత్రిలో ఉన్నాడు. రక్త క్యాన్సర్. వాళ్లన్న ఎముక మూలుగ తీసి ఎక్కించారు. మొన్న డాక్టరమ్మ అడిగింది: “మూలుగ మార్పిడి తర్వాత కొందరికి నరాలు దెబ్బతింటాయి. చేతుల్లో నొప్పిగానీ, మంటగానీ ఉందా?”

“అస్సలు లేదు డాక్టరమ్మా!”

తిరుగు రైల్లో దారంతా ముహయ్యో ఆ చెయ్యి వదల్లేదు.

“మార్గిలాన్ ఊళ్లో జనం మన కొట్టు రొట్టె తిని రెండేళ్లయింది,” అంది ఖుమ్రీ. “మధ్యాహ్నానికి మొదటి వాయి దిగిందా, సరే. లేదా, తందూరు మీ చిన్నాన్న కొడుక్కి అప్పజెప్పేస్తా.”

“దిగుతుందమ్మా. నువ్వెళ్లి టీ తాగు.”

ముహయ్యో పత్తికట్టె వేసింది. మంట తగ్గి నిప్పులయ్యాక ఎర్గాష్ చొక్కా చెయ్యి పైకి మడవమన్నాడు.

“మా నాన్న నేర్పిన లెక్క. వట్టి చెయ్యి లోపల పెడతాను. ఏడు లెక్కపెట్టేలోగా లాగేసుకున్నానంటే వేడి కుదిరినట్టు. నువ్వు లెక్కపెట్టు.”

ఆమె అటు తిరిగి, పిండిముద్దల మీద పూలముద్ర కొడుతూ లెక్కపెట్టింది. ఏడు దాటింది. పద్దెనిమిదీ దాటింది.

“ఛ, చల్లగా ఉంది. ఇంకో మోపు వెయ్యి.”

“చేతకాని పెళ్లాం రాజేసిన పొయ్యి అంతేలెండి!”

“చేతకాకపోయినా ముద్దొస్తోందిలే!”

మోపు కాలింది. సెగకి ముహయ్యో మొహం చుర్రుమని రెండడుగులు వెనక్కి గెంతింది. అలవాటు లేక కాబోలనుకుంది. ఎర్గాష్ మాత్రం మోచేతి దాకా లోపలికి పెట్టి, అరచెయ్యి మట్టిగోడకి ఆనించి, ఆమెనే చూస్తూ నవ్వుతున్నాడు.

“ఇరవై ఆరు… ఇరవై ఏడు…”

“ఇంకా రాలేదే వేడి!”

వీధిలో పోతున్న ముసలాయన ఆగి, గాలి గట్టిగా పీల్చాడు.

“వచ్చేశావా ఎర్గాష్ బాబూ! తందూర్లో మాంసం సమోసాలు కూడా మొదలెట్టావే! నాకో నాలుగు తీసి పెట్టు!”

కొట్లో మాంసం లేదు.