నూతినీళ్ళ గులాబీ

...లేదు, ఈ ఆకు నిన్న కూడా ఇలాగే ఉంది. అంచున ఆ పసుపు కొత్తది కాదు. లేక నిన్న చూసినప్పుడు ఎండ పడుతూ ఉందా? ఎండలో పచ్చ కూడా పసుపులాగే కనిపిస్తుంది.

జనార్దనరావు గొంతుక్కూర్చుని ఆకును వేలితో తిప్పి అడుగువైపు చూశాడు. పురుగు లేదు. నల్లమచ్చ లేదు. పైన కొమ్మ చివర పువ్వు ఉంది. దాని వైపు ఇంకా చూడలేదు.

పెరట్లో రెండు గులాబీలు. రెండూ ఒకే రోజు, ఒకే నర్సరీ బండిలో వచ్చాయి. ఎర్రనివి, వాసన ఉన్న 'హైబ్రిడ్ టీ' అనే పెద్దపూల రకం. రెండింటికీ ఒకే పశువుల ఎరువు, ఒకే వేపపిండి, ఒకే ఎండ. అంటు కట్టిన ముడి రెండింటికీ మట్టికి పైనే ఉంచాడు. ముడి కింద పుట్టిన అడవి చిగుళ్ళను రెండింటికీ పీకేశాడు. తేడా నీళ్ళలోనే. గోడ వైపు మొక్కకి కొన్న క్యాను నీళ్ళు. నూతిగట్టు వైపు మొక్కకి నూతినీళ్ళు.

"మొక్కకి క్యాను నీళ్ళేటి మావా?" అని పక్కింటి మంగ గోడ మీంచి చాలాసార్లు నవ్వింది. "రేపు జొరమొత్తే దాన్ని కూడా పలాస తీసికెల్లి సూయింతావేటి?"

ఒకసారి అలా అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన భార్య గౌరిని వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి పలాస తీసుకెళ్ళిన సంగతి గుర్తొచ్చి ఉంటుంది. ఆయనకి ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఏ మాటా తగలడం లేదు. దూది మీద పడ్డట్టు పడి ఆగిపోతోంది.

గౌరి పోయి ఏడాది దాటింది. కిడ్నీలు. ఇంటింటా ఆ జబ్బే ఉన్న ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఇంకేమీ అడగరు. నీళ్ళే అంటారు. ఆ నుయ్యి పెళ్ళైన కొత్తలో ఆయన తవ్వించిందే. కొబ్బరినీళ్ళ కన్నా ఇవే బాగున్నాయని గౌరి అనేది.

పెద్దకర్మ రోజు గౌరి తమ్ముడు ఢిల్లీబాబు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

"మా అప్పని నీ నుయ్యే తినీసింది బావా. పూడ్సీ. అందాకా ఈ ఇంట్ల మెతుకు ముట్టను."

"పూడ్సెత్తాను. ముందు తెలాల గదా," అన్నాడు జనార్దనరావు.

కొబ్బరి, జీడిమామిడి దేనికైనా ఓర్చుకుంటాయి, ఈ గులాబీ ఓర్చుకోదని నర్సరీ బండివాడు చెప్పాడు. నీళ్ళలో తేడా ఉంటే ముందు ఇదే తల వాల్చేస్తుందన్నాడు. అందుకే కొన్నాడు. ఈ పరీక్షకి ఢిల్లీబాబు కూడా ఒప్పుకున్నాడు. నూతి మొక్క చస్తే పాపం నూతిది. పూస్తే నూతికి ఏ పాపమూ లేదు.

అప్పటి నుంచి రోజు ఇక్కడే మొదలవుతోంది. ముందు నూతి మొక్క, తర్వాతే ఏదైనా.

గౌరి పలాసలో జీడిపప్పు వలిచే పనికి వెళ్ళేది. పొద్దస్తమానం నేల మీద కూర్చునే పని. సాయంత్రం ఆయన బజారు నుంచి ఆమెకి ఏదో ఒకటి తెచ్చేవాడు. వేరుశెనక్కాయలు, మల్లెపూలు, మోకాళ్ళ నొప్పులకి మాత్రలు, ఒక్కోసారి వేడి జిలేబి. దేన్నయినా ఒక్కలాగే చేయి చాచి అందుకునేది. ఆ చేయి గుర్తుంది. ముఖం కావాలంటే మాత్రం ఫోటో దగ్గరికి వెళ్ళాలి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగినవాటన్నిటికీ ఆయనే జవాబులు చెప్పాడు. గౌరి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వానలప్పుడు నూతి మొక్క ఆకులు రాల్చింది. సగం కొమ్మలు బోడిగా నిలబడ్డాయి. ఆ రోజు ఆయన తనకి తనే రెండోసారి అన్నం వడ్డించుకుని తిన్నాడు. పడుకోగానే నిద్ర పట్టింది.

చలి మొదలయ్యాక అదే మొక్క ఎర్రటి చిగుళ్ళు వేసింది. తర్వాత మొగ్గ. పక్క మొగ్గలు గిల్లేస్తే ఒక్కటే పెద్దగా పూస్తుందని తెలుసు. గిల్లాడు. రెండింటికీ న్యాయంగానే చేశాడు.

గేటు చప్పుడైంది. మంగే ఫోను చేసి ఉంటుంది, కంచిలి నుంచి ఢిల్లీబాబు బండి మీద వచ్చాడు. పలకరించకుండా నేరుగా వచ్చి పువ్వు మీదకి వంగాడు. కాసేపటి దాకా లేవలేదు.

"ఏటి వాసన బావా ఇది. గేటు కాడికే కొట్టెత్తంది."

జనార్దనరావు తలాడించాడు.

ఢిల్లీబాబు బకెట్టుతో నీళ్ళు తోడాడు. దోసిట పట్టి తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"నాను నోరు జారీసినాను. నీ నుయ్యి మంచిదే. ఇయాల అన్నం తినే ఎల్తాను." బకెట్టు గట్టు మీద పెట్టాడు. "మరి మా అప్పకి ఏటయ్యుంటాది బావా?"

"ఏటో మరి."

"పోనీలే. పెరుగు తెత్తాను ఉండు."

బండి చప్పుడు మలుపు తిరిగేదాకా జనార్దనరావు నిలబడ్డాడు. అప్పుడు పువ్వు వైపు చూశాడు. నల్లగా అనిపించేంత ఎరుపు. వంటింట్లోకి వెళ్ళి నౌపడ కల్లుప్పు జాడీ తెచ్చాడు. ఢిల్లీబాబు తోడి వదిలిన బకెట్టులో బోర్లించి, రాళ్ళు కరిగేదాకా చేత్తో కలిపాడు.

కిడ్నీలను దెబ్బతీసే నొప్పి మాత్రలు ఏమైనా రోజూ వాడేవారా అని ఆనాడు డాక్టరు అడిగితే "లేదండీ" అన్నంత మామూలుగా, ఆ బకెట్టును నూతి గులాబీ మొదట్లో వంచేశాడు.