మెయిలు ఆగే ఊరు

"ఎవరితోనూ అనొద్దు జిలానీ. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు స్టేషన్ మాస్టరు ప్రభాకరరావు.

సోమవారం మెయిల్లో రైలు కంపెనీ మనిషి ఒకాయన దిగుతున్నాడు. చెన్నకేశవస్వామి దర్శనానికి వచ్చిన మామూలు యాత్రికుడిలా మార్కాపురంలో రెండు రోజులు ఉంటాడు. ఊరు ఎలా ఉందో చూసి పైకి రాస్తాడు. ఆ రాసినదాన్ని బట్టే మెయిలు ఇకమీదట ఇక్కడ ఆగడమో, మానడమో.

మెయిలు ఆగకపోతే జిలాని జట్కా ఎక్కేవాళ్లుండరు. గుర్రాన్ని అమ్ముకోవాల్సిందే.

అందుకని జిలాని ఎవరితోనూ అనలేదు. కాఫీ హోటలు శ్రీరాములుతోనూ, పలకల దుకాణం లక్ష్మీనరసయ్యతోనూ మాత్రం అన్నాడు. ఎవరితోనూ అనొద్దని కూడా అన్నాడు.

క్యాంపుకు వచ్చిన తాలూకా గుమాస్తా దగ్గరే డబ్బు పుచ్చుకోని ఊరది. కంపెనీ మనిషి దగ్గర పుచ్చుకుంటుందా?

సోమవారం నల్లకోటాయన దిగాడు. జిలాని ఆయన సంచి అందుకుని జట్కాలో పెట్టాడు. సత్రం ముందు దిగుతూనే ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"ఎంతయ్యా?"

"వద్దు సార్."

"వద్దంటే ఎలా? అందరి దగ్గరా ఎంత తీసుకుంటావు?"

"ఊరికి వచ్చినోళ్ల దగ్గర మేం తీసుకోం సార్."

ఆయన ముఖం చిన్నబోయింది. మొహమాటం కాబోలు అనుకున్నాడు జిలాని.

ఇంట్లో ఈ మాట చెబితే ఖుర్షీద్ బేగం చీపురు ఆపి చూసింది.

"అజీ, ఇస్తాంటే వద్దన్నారా? రేపు గుర్రానికి ఉలవలకు బదులు మర్యాద పెడతారా?"

"నీకు తెలీదులే. రెండు దినాలు ఓర్చుకుంటే మెయిలు మనదే."

శ్రీరాములు ఇడ్లీల మీద నెయ్యి ధారగా పోశాడు. ధర అడిగితే చేతులు కట్టుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన విస్తరి ముందు కూర్చుని, "ముందు ధర చెప్పు. చెబితేనే తింటాను" అన్నాడు.

"నిన్న చట్నీ కారమైనట్టుంది సార్" అంటూ శ్రీరాములు ఇంకో గరిటె నెయ్యి పోశాడు.

పలకల దుకాణంలో ఆయన మంచి పలకలు నాలుగు ఏరి, ధర అడగకుండా రూపాయి బల్ల మీద పెట్టి గబగబా బయటికి నడిచాడు. లక్ష్మీనరసయ్య బజారులో పరుగెత్తుకొచ్చి, ఆ రూపాయి ఆయన కోటు జేబులోనే వేసి దణ్ణం పెట్టాడు.

"దుకాణం పెట్టుకున్నది అమ్మడానికా, పంచడానికా?" అన్నాడాయన. గొంతులో విసుగు దాగలేదు.

"మీలాంటోళ్లు రావడమే మాకు లాభం సార్."

బుధవారం సాయంత్రం ముగ్గురూ స్టేషనుకు వచ్చారు. శ్రీరాములు పులిహోర పొట్లం కట్టి తెచ్చాడు. రైలు పెట్టెలో కూర్చున్న ఆయనకు పలకల కట్ట కిటికీలోంచి అందించి, జిలాని పక్కకు నిలబడ్డాడు. ప్రభాకరరావు కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఊరు నచ్చిందా సార్?"

"ఇంత మంచి జనాన్ని నేనెక్కడా చూడలేదు మాస్టారూ."

జిలాని మోచేత్తో శ్రీరాములును పొడిచాడు.

"మరి మెయిలు సంగతి..."

గార్డు పచ్చజెండా ఊపాడు. రైలు కదిలింది. ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. నిజంగానే బాధపడుతున్నట్టున్నాడు.

"ఏం రాయను మాస్టారూ, యాత్రికుల వల్ల ఈ ఊరికి ఎంత రాబడి ఉందో స్వయంగా ఖర్చుపెట్టి తేల్చమని కంపెనీ ఇచ్చిన ఇరవై రూపాయల్లో, హుండీలో వేసిన అర్ధణా తప్ప అంతా నా జేబులోనే ఉంది."