టెస్సా అడిగిన ఇంజిన్

"చూడ్డానికి పులిలా ఉండాలి. అరుపూ పులిదే. పరుగు మాత్రం ఎద్దుబండిలా ఉండాలి. అలా చెయ్యగలవా, బాబాయ్?"

ఈ మాట అనడానికి రస్ నోవికీ గొంతు బాగా తగ్గించాడు. షెడ్డులో మెకానిక్ లెస్టర్ తప్ప నరమానవుడు లేడు. అయినా తగ్గించాడు. మిషిగన్‌లో పాత కారు తెచ్చినవాడెవడైనా జోరు పెంచమంటాడు గాని, తగ్గించమని అడిగి పరువు తీసుకోడు.

లెస్టర్ డోనట్ నమలడం ఆపి బయట నిలబెట్టిన ఎర్ర కారు వైపు చూశాడు. పంతొమ్మిది వందల డెబ్భై నాటి బండి. స్టార్ట్ చేస్తే వీధి చివర కుక్కలు లేచి మొరుగుతాయి.

"మీ అమ్మాయి టెస్సా కోసమా?"

"ఎల్లుండితో దానికి పదహారు నిండుతాయి. మా నాన్న నాకిచ్చినట్టే నేనూ తాళాలు దాని చేతిలో పెడతానని మాటిచ్చాను. అది చాలదట! పెద్ద కార్బురేటరట, రేసు కామ్‌షాఫ్టట, సూపర్‌చార్జరట! మొన్న సిగ్నల్ దగ్గర చర్చి ముసలమ్మల వ్యాను మమ్మల్ని దాటేసిందని నా ప్రాణం తీస్తోంది."

"దాటిందా మరి?"

"పెద్దవాళ్లు కదా అని నేనే దారిచ్చాను!"

లెస్టర్‌కి పొలమారింది.

"నవ్వకు బాబాయ్. ఆ వయసులో దీన్ని ఎలా తోలానో నాకు తెలుసు. నది రోడ్డు మీద గాల్లో తేలిపోయేవాణ్ణి. ఎంత స్పీడో దేవుడికే తెలియాలి. మీటరు మొదట్నుంచీ పని చెయ్యదుగా." రస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "దానికేదైనా అయితే నేను బతకను."

"మీ నాన్న భయపడలేదా?"

"ఆయనా? గుండె నిబ్బరమంటే ఆయనదే. నేను రోడ్డు మీదుంటే ఆయన గురకపెట్టి నిద్రపోయేవాడు. బానెట్ మాత్రం నీ చేత తప్ప ఎవరి చేతా ఎత్తించొద్దన్నాడు. అంతే."

లెస్టర్ చేతులు తుడుచుకున్నాడు. "సరే. కామ్‌షాఫ్ట్ మార్చి గుడగుడ పెంచుదాం. ఆ చప్పుడుకే పిల్ల మురిసిపోతుంది. జోరు తగ్గాలంటే చిన్న కార్బురేటర్ వేద్దామా?"

"బానెట్ ఎత్తగానే పట్టేస్తుంది."

"పెడల్ కింద ఓ దిమ్మ?"

"వంగి చూస్తుంది. నీకు తెలీదు, దానికి ఒళ్లంతా కళ్లే."

"అయితే ఒకటే దారి. కార్బురేటర్ కింద సన్న చిల్లుల పలక బిగించేస్తే ఇంజిన్‌కి సగం ఊపిరే ఆడుతుంది. అరవడానికి అరుస్తుంది. బండి మాత్రం కదిలీ కదలనట్టుంటుంది. విప్పితే గాని బ్రహ్మదేవుడికైనా తెలీదు."

"అదీ! అదే పెట్టెయ్. కానీ టెస్సాకి తెలిసిందో, జన్మలో నా మొహం చూడదు. తను తోలేది ఇలాంటి బండి అని తెలిస్తే ఎవరికైనా ఎంత సిగ్గుచేటు!"

లెస్టర్ బయట కారు దగ్గరికి నడిచాడు. బానెట్ ఎత్తాడు. నాలుగు నట్లు విప్పి, కార్బురేటర్ పైకి తీసి, దాని కింద గుడ్డతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత రస్‌ని దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"చెప్పు అబ్బాయ్, మీ నాన్న పెట్టించిన పలకే ఉంచమంటావా, దాని మీద ఇంకోటి వెయ్యమంటావా?"